గోపాలరావు అబద్ధం, కమలిని అబద్ధం

ఒరే రఘూ,

జవాబు బాగా ఆలస్యమైంది, క్షమించు. తిట్టాలనుంటే మనకి చదువు చెప్పిన గొడుగు మాస్టారి పద్ధతిలో, నేను గది దాటాక తిట్టు. ఇక్కడ అందరూ కులాసా. పిల్లాడి స్కూలు మారింది, అమ్మ మోకాలు ఎప్పట్లాగే ఉంది. అంతే వార్తలు. అసలు సంగతికొస్తా, లేకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

గురజాడ కథ మీద నీ సెమినార్ పేపరుకి నువ్వు పంపిన పేరు, "దిద్దుబాటు కథలో స్త్రీ విద్య", ముందు దాన్ని కొట్టెయ్. అది విషయమే గానీ వాదన కాదు. చదువుకున్న భార్య మొగుణ్ణి దారిలో పెట్టింది అంటే హాల్లో ఎవడు కాదంటాడు? ఎవరూ కాదనలేని మాట చెప్పడానికి నిన్ను స్టేజి ఎక్కించడం దేనికి, కథ జిరాక్సు తీసి తలా ఒకటి పంచితే పోలా. నువ్వు చెప్పదలచుకున్న వాక్యం చివర "కాదు" తగిలించి చూడు. అలా అనగలిగే తెలివైనవాడు ఒక్కడైనా ఉంటాడనిపిస్తే అది వాదన. లేకపోతే అందరూ చెయ్యెత్తే తీర్మానమే.

సరే, ఇప్పుడు విను. ఆ కథలో ఎన్ని అబద్ధాలున్నాయో గమనించావా?

గోపాలరావు మీటింగులకి పోతున్నానని, లోకం మేలు కోసం నిద్ర మానుకుంటున్నానని భార్య కమలినికి చెప్పి రాత్రిళ్లు సాని పాటకి పోతాడు. అది ఒకటి. ఆ రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరితే ఆవిడ లేదు, ఉత్తరం ఉంది. అందులో కమలిని వేసిన వాత ఏమిటి? నేనీ ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధాలాడాల్సి వస్తోంది, నేను పుట్టింట్లో ఉంటే మీకా అవసరం రాదు అని. బరువంతా ఎక్కడ పెట్టిందో చూడు. నువ్వు తప్పు చేశావనడం కన్నా నాతో అబద్ధమాడావనడమే పైకొస్తోంది.

బావుంది. మరి ఆ ఉత్తరం నిజమా? పుట్టింటికి పోతున్నానని రాసిన మనిషి మంచం కింద ఉందిరా! అబద్ధమాడావని మొగుణ్ణి నిలదీసే కాగితమే పచ్చి అబద్ధం. నాకిది తట్టిన దగ్గర్నుంచి కాలు నిలవడం లేదు. 1910లో ఆంధ్రభారతిలో అచ్చయిన కథ, ఎన్ని పరీక్ష పేపర్లలో ఎంతమంది రాసి ఉంటారు, అందరూ "స్త్రీ విద్య, వేశ్యాలోలత్వం, సంఘ సంస్కరణ" అని మూడు ముక్కలు రాసి లేచిపోయేవాళ్లే.

కాబట్టి నీ మొదటి వాక్యం ఇది: ఈ కథలో అసలు గొడవ సాని కాదు, అబద్ధం; దాన్ని కథ ఇంకో అబద్ధంతో దిద్దుతుంది. దీనికి "కాదు" తగిలించు. వెంటనే ఇద్దరు ముగ్గురు లేస్తారు. వీరేశలింగం గారి సంస్కరణోద్యమం, సానిమేళాల మీద ఆ రోజుల్లో నడిచిన ప్రచారం, ఇదంతా వదిలేసి అబద్ధమంటావేమిటయ్యా అని. లేవనీ. మనక్కావలసింది అదే. ఆ నేపథ్యం ఒక్క వాక్యంలో చెప్పి, సంస్కరణ మీటింగులనే సాకుగా వాడుకున్న మొగుణ్ణి చూపించు. ఉద్యమం నీ వాదనకి అడ్డు రాదు, వత్తాసు వస్తుంది.

ఆగు, ఇంతటితో రాయడం మొదలెట్టకు. నీ "అందువలన" జబ్బు నాకు తెలుసు. ఒక్క ఆలోచన తట్టగానే కథంతా దానికి సాక్ష్యంలా కనిపిస్తుంది నీకు.

ముందు ఏ ప్రతి పట్టుకున్నావో తేల్చుకో. ఈ కథకి పాఠభేదాలున్నాయి, కథనం భాషే మార్చి అచ్చేసిన ప్రతులు కూడా తిరుగుతున్నాయి. రెండు ప్రతుల్లోంచి మాటలు ఏరావంటే ఎవడో ఒకడు "ఆ వాక్యం నా పుస్తకంలో లేదే" అంటాడు, ఇక నీ పదిహేను నిమిషాలూ దానికే సరి. ఒక్క ప్రతి ఎంచుకుని, ఏదో పేపరు మొదట్లోనే చెప్పేసి, దాన్నే పట్టుకుని ఉండు. పేజీ నంబర్లు నమ్ముకోకు, ముద్రణ మారితే మారిపోతాయి. పెన్సిల్‌తో ప్రతి పేరాకి నంబరు వెయ్.

తర్వాత పట్టిక. పెద్ద కాగితం అడ్డంగా పెట్టి గీతలు గియ్యి. పేరా నంబరు, కథలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఎవరంటున్నారు, ఎవరు వింటున్నారు, చివరి గడిలో నా వాదనకి అనుకూలమా ప్రతికూలమా. నీ మాటల్లో సారాంశం రాసుకోకు, అక్కడే దొంగతనం జరుగుతుంది. సారాంశం ఎప్పుడూ మనకి కావలసినట్టే వస్తుంది, ఆ పైన మనం మన సారాంశంతోనే వాదించుకుంటాం. ప్రతికూలం గడి ఖాళీగా మిగిలిందంటే కథ ఇంకా సరిగ్గా చదవలేదని అర్థం.

"ఎవరు వింటున్నారు" అన్న గడి ఉందే, రఘూ, అదే మొత్తం కథని తిరగేసింది!

ఉత్తరం చదివాక గోపాలరావు నౌకరు రాముడితో మాట్లాడేదంతా చూడు. తప్పైపోయిందనడం, వెళ్లి అమ్మగారికి ఏమేం చెప్పాలో నేర్పడం, చదువుకున్న స్త్రీని ఆకాశానికెత్తడం. తన మాటలు రాముడొక్కడే వింటున్నాడనుకుంటున్నాడాయన. వింటున్నది ఇద్దరు. గదిలో పలికిన ప్రతి ముక్కా మంచం కిందికి చేరుతోంది. భార్య ఎదురుగా నిలబడి అడిగి ఉంటే ఏం చేసేవాడు? ఇన్నాళ్లూ చేసిందే, ఇంకో మీటింగు కథ అల్లేవాడు. ఆవిడ లేదనుకున్నాడు కాబట్టి నిజం మాట్లాడాడు. అంటే కమలిని అబద్ధం మొగుణ్ణి భయపెట్టడానికే కాదు, అతను నిజం చెప్పగలిగే చోటొకటి తయారు చెయ్యడానికి పనికొచ్చింది. ఇప్పుడు నీ వాక్యం మారింది చూశావా? "అబద్ధంతో దిద్దింది" అని ఊరుకుంటే చమత్కారం. "తన ముందు నిజం చెప్పలేని మనిషి చేత, తను లేనట్టు నటించి నిజం చెప్పించింది" అంటే వాదన.

స్త్రీ విద్య గురించి ఆ పొగడ్త ఉంది కదా, అందరూ రచయిత సందేశమని కోట్ చేసేది. అది ఎవరి నోట వస్తోంది? ఇప్పుడే దొరికిపోయిన మొగుడి నోట. ఎప్పుడు? అర్ధరాత్రి దాటాక. ఎవరితో? నౌకరుతో. పాత్ర మాటని రచయిత మాటగా ఎత్తి రాయడం ఇలాంటి పేపర్లలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఆ పొగడ్త అబద్ధమని నేననడం లేదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నారో పక్కన పెట్టకుండా వాడకు, అంతే. ఇంకో మాట, చదువు నీ పేపర్లోంచి పోలేదు. రాయడం వచ్చు కాబట్టే ఆ ఉత్తరం పుట్టింది, ఉత్తరం లేకపోతే నాటకమే లేదు. నువ్వు పెట్టిన శీర్షిక వెనక తలుపులోంచి మళ్లీ వచ్చింది. సంతోషమేనా?

ఇక ప్రతికూలం గడి. రాముడి వీపు మీద పడిన రెండు గుద్దులు ఎక్కడ పెడతావు? సంస్కరణ కథలో నౌకరుకి దెబ్బలేమిటి అని ఎవరో తప్పకుండా అడుగుతారు. "సంస్కరణ పడగ్గది గడప దాటలేదు" అని రాసేస్తే భలే ఉంటుందనిపిస్తుంది. తొందరపడకు, తర్వాతి వాక్యాలు చదువు. గోపాలరావు వెంటనే నొచ్చుకుంటాడు, లేవనెత్తి వీపు నిమురుతాడు, పశువులా ప్రవర్తించానని అనుకుంటాడు. దెబ్బ రాసి నిమరడం రాయకపోతే నీ పేపరు మీద నమ్మకం పోతుంది. రెండూ రాయి. పైగా మొగుడు దయగలవాడని కథకుడే పక్కన నిలబడి చెబుతున్నాడు, ఆ హామీ ఎందుకివ్వాల్సి వచ్చిందో అడుగు. రాముడు అక్కడితో ఆగుతాడా? అమ్మగారికి ఏం చెబుతావో చెప్పరా అంటే, ఆడోళ్లు యజమాని మాట వినాలి, లేకపోతే ఆయన సానిని ఉంచుకుంటాడు అన్న ధోరణిలో సొంత పైత్యం కలుపుతాడు. మొగుడి పశ్చాత్తాపం నౌకరు నోట్లో పడేసరికి బెదిరింపైంది! దీన్ని మళ్లీ అబద్ధాల లెక్కలో వెయ్యాలా, లేక... ఇది ఇంకో పేపరు. దాచుకో.

ఇంకో అడ్డుపుల్ల: ఇది మొగుడూ పెళ్లాల సరసం, దాన్ని పట్టుకుని అబద్ధం అబద్ధం అంటావేం అంటారు. దీనికి జవాబు నీ దగ్గరుండాలి. అతని అబద్ధం బయటపడకుండా ఉంటేనే పనిచేస్తుంది. ఆవిడ అబద్ధం బయటపడితే గానీ పని పూర్తికాదు. రెండూ ఒక జాతివి కావు. అయితే చివర్లో వినిపించే నవ్వు కావాలని నవ్విందో ఆపుకోలేక వచ్చిందో కథ చెప్పదు. కాబట్టి "పథకం ప్రకారం నవ్వింది" అని మాత్రం రాయకు. అలాగే రాముడికి ముందే తెలుసా అన్న ప్రశ్న. నేనైతే... వద్దులే. కథలోంచి వేలుపెట్టి చూపించలేనిది పేపర్లో వద్దు, తర్వాత కబుర్లకి బావుంటుంది.

రెండో కథ కావాలన్నావు. ఏడెనిమిది కథల జాబితా చూశాను, తీసెయ్. పదిహేను నిమిషాల్లో ఏడు కథలంటే ఒక్కోదానికి రెండు నిమిషాలు, ఆ రెండూ కథ చెప్పడానికే చాలవు. ఒక్కటి తీసుకో, భండారు అచ్చమాంబ గారి "ధన త్రయోదశి", 1902ది. ఎందుకంటే అదీ మొగుణ్ణి భార్య దిద్దే కథే. యజమాని సొమ్ము కాజేసిన మొగుడికి ఆవిడ మంచీ చెడూ నేరుగా చెప్పి తిరిగి ఇప్పిస్తుంది. నాటకం లేదు, మంచం లేదు. ఎనిమిదేళ్ల తేడాలో రెండు కథలు, ఒకే పని, రెండు పనిముట్లు. భార్య ఎదురుగా నిలబడి చెబితే మొగుడు వినే కథ అప్పటికే ఉందంటే, కమలినిని మంచం కింద దాచడం గతిలేక చేసింది కాదు, ఏరి కోరి చేసింది. నీ వాదనకి ఇంతకన్నా గట్టి ఆసరా దొరకదు. ఒక జాగ్రత్త. ఈ రెండు పేర్లూ పక్కపక్కన వినగానే తొలి తెలుగు కథ ఏది అన్న కొట్లాట మొదలవుతుంది. "ఆ చర్చ వేరు, నాకు కావలసింది పోలిక" అని ఒక్క ముక్క ముందే చెప్పెయ్, అందులో కాలు పెట్టకు.

చదవడం గురించి గబగబా చెప్పేస్తా. తెలుగు నింపాదిగా చదివితే నిమిషానికి వంద పదాలకి మించి రావు, కాబట్టి మొత్తం 1,400 దాటనివ్వకు. కథ సారాంశం అయిదు వాక్యాలు. వాదన రెండో నిమిషం లోపు బయటికి రావాలి. చివరిదాకా దాచి మెరిపిస్తానంటే అప్పటికి సగం మంది సెల్‌ఫోన్లలో ఉంటారు. అభ్యంతరాలు నువ్వే ముందు ఎత్తు, గట్టిదాన్ని చివర పెట్టు. తెర మీద నీ పేపరు పేరాలు వెయ్యకు, కథలోని వాక్యాలే వెయ్, ఒక్కో తెరకి ఒకటి. అవే వాక్యాలు నంబర్లతో ఒక పేజీ అచ్చు తీసి పంచితే "మూడో నంబరు చూడండి" అనొచ్చు, అందరి కళ్లూ ఒకచోట ఉంటాయి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైపు చేసిన ఫైలు, ఆ ఫాంట్లు అక్కడి కంప్యూటర్లో లేకపోతే పిచ్చిగీతలుగా తెరుచుకుంటుంది. యూనికోడ్‌లో చేసి పీడీఎఫ్ కూడా పెట్టుకో. గడియారం పెట్టుకుని పైకి చదివి చూడు. కళ్లతో చదివితే నాలుక తిరగని వాక్యాలు దొరకవు.

చివర "ఈ విధంగా" అని మొదలయ్యే పేరా రాశావో, గొడుగు మాస్టారి మీద ఒట్టు, హాల్లోంచి లేచిపోతా.

అన్నట్టు నీ పేరాల నంబర్లు నాకూ పంపు, ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇద్దరం ఒకే చోట ఉండాలిగా. ఆ ఉత్తరంలో ఇంకోటుంది, సంబోధన దగ్గర గోపాలరావు ఎందుకంత తల్లడిల్లుతాడో గమనించావా, అక్కడొక... అయ్యో, టైమైపోయింది, పిల్లాణ్ణి తీసుకురావాలి. ఉంటానురా.

నీ
సీను