రాయల్ ఎయిర్ ఫోర్స్ పైలట్ వాచీ అని మీరు అమ్మిన వాచీపై ఫిర్యాదు

నార్తాంప్టన్,
24 మే 2025.

మేనేజర్ గారికి,
పాత మిలిటరీ వాచీల విభాగం,
లండన్.

విషయం: మే 3న నాకు అందిన క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న) వాచీ మీరు చెప్పినది కాకపోవడం, అది విమానంలో పనిచేయకపోవడం, పూర్తి డబ్బు వాపసు కోరడం.

నమస్కారం.

ఏప్రిల్ 26న ఫోన్ చేసినప్పుడు మీరూ తెలుగువారేనని తెలిసి చాలా సంతోషపడ్డాను. దాదాపు ముప్పావుగంట తెలుగులోనే మాట్లాడుకున్నాం. మీరు నాకు మాట ఇచ్చింది తెలుగులో కాబట్టి ఈ ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నాను. మీ కార్యాలయంలో మిగతావాళ్ల కోసం ఇంగ్లీషు ప్రతి కూడా జతచేశాను.

నేను సైవెల్ ఎయిర్‌ఫీల్డ్‌లో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కోసం నేర్చుకుంటున్నానని మీకు మొదటే చెప్పాను. కనీసం 45 గంటలు ఎగరాలి, అందులో 10 గంటలు ఒంటరిగా. నేను నడిపేది పైపర్ పీఏ-28 అనే చిన్న విమానం. దాని రెండు రెక్కల్లో రెండు పెట్రోల్ ట్యాంకులుంటాయి. పైలట్ ఎడమ మోకాలి దగ్గర గోడకు ఉన్న మీటను ఎడమ ట్యాంకుకైనా తిప్పాలి, కుడి ట్యాంకుకైనా తిప్పాలి. రెండూ కలిపి వాడుకునే వీలు లేదు. అందుకని అరగంటకోసారి ట్యాంకు మార్చడం మాకు నేర్పుతారు. స్కూలు విమానంలోని గడియారం నేను చేరినప్పటి నుంచీ ఆగిపోయే ఉంది. మ్యాపు మీద గీత గీసుకుని, వేగాన్ని బట్టి లెక్కకట్టి, ఏ ఊరి మీదికి ఎన్ని నిమిషాలకు చేరాలో చూసుకుంటూ వెళ్తాం. 90 నాట్ల వేగంలో, అంటే గంటకు 90 నాటికల్ మైళ్లు, నిమిషానికి ఒకటిన్నర నాటికల్ మైలు. ఈ లెక్కంతా చేతి మీది వాచీతోనే నడుస్తుంది.

అందుకే ఏ వాచీ కొనాలో మూడు నెలలు చూశాను. సీడబ్ల్యూసీ అనే బ్రిటిష్ వాచీ కంపెనీ వాళ్ల జీ10 మంచి వాచీ. 1980 నుంచి బ్రిటిష్ సైన్యానికి ఇచ్చినది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కానీ దానికి స్టాప్‌వాచ్ లేదు. 1984 నుంచి రాయల్ ఎయిర్ ఫోర్స్‌కి ఇచ్చిన సీకో క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్ కూడా చూశాను. అది చెడిపోతే లోపలి భాగాలు దొరకడం కష్టమని వెనకాడాను. చివరికి మనసు పోయింది 1970ల నుంచి 80ల మొదటి వరకు వచ్చిన, కీ ఇచ్చే క్రోనోగ్రాఫ్ మీద. హామిల్టన్, సీడబ్ల్యూసీ, న్యూమార్క్, ప్రెసిస్టా అనే నాలుగు పేర్లతో వచ్చినా లోపల యంత్రం ఒకటే, వాల్జూ 7733. కేసు కుడివైపు కొంచెం లావుగా ఉండి బటన్లకు దెబ్బ తగలకుండా కాస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది 3 దగ్గరున్న చిన్న డయల్. అది సరిగ్గా 30 నిమిషాలు లెక్కపెడుతుంది. ట్యాంకు మార్చే టైమూ అదే. ఆ చిన్న ముల్లు ఒక చుట్టు తిరిగి పైకి వచ్చిందంటే చెయ్యి మీట మీదికి వెళ్లాలి. నా అవసరానికి కొలిచి చేసినట్టుంది అనుకున్నాను.

ఆ రోజు ఫోన్‌లో మిమ్మల్ని మూడే ప్రశ్నలు అడిగాను. వెనక మూత మీద 6బీబీ అని ఎయిర్ ఫోర్స్ కోడు చెక్కి ఉన్నది అసలుదేనా? డయల్ మీద ఎవరైనా చెయ్యి పెట్టారా? దీన్ని విమానంలో నమ్ముకోవచ్చా? మొదటిదానికి ‘నూటికి నూరు పాళ్లు’ అన్నారు. రెండోదానికి ‘ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది’ అన్నారు. మూడోదానికి ‘పూర్తి సర్వీసింగ్ చేయించాం, పైలట్లకు ఇచ్చిన వాచీ అండీ, మీకు టెన్షన్ అక్కర్లేదు’ అన్నారు. ఇన్‌వాయిస్‌లో కూడా ‘రాయల్ ఎయిర్ ఫోర్స్ ఇష్యూ, 6బీబీ, 1974, అసలు ట్రిటియం డయల్, సర్వీస్ చేసినది’ అని రాసి ఇచ్చారు. ఆ మాటల మీద 2,350 పౌండ్లు క్రెడిట్ కార్డుతో కట్టాను.

మే 11, ఆదివారం ఏం జరిగిందో మీరు పూర్తిగా తెలుసుకోవాలి.

ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి సైవెల్ నుంచి బయల్దేరాను. తూర్పున గ్రాఫమ్ వాటర్ రిజర్వాయరు, అక్కడి నుంచి వాయవ్యంగా రట్లాండ్ వాటర్, మళ్లీ దక్షిణంగా సైవెల్. ఇదీ దారి. రన్‌వే మీద పరుగు మొదలవగానే పై బటన్ నొక్కాను. గ్రాఫమ్ మీదికి వచ్చేసరికి చిన్న ముల్లు 14 దగ్గరుంది. నా లెక్కకు సరిపోయింది, ప్రాణం లేచొచ్చింది. అక్కడి నుంచి రట్లాండ్ వాటర్ సుమారు 24 నాటికల్ మైళ్లు, అంటే 16 నిమిషాలు. కొంతసేపటికి వాచీ చూస్తే 19. పొడుగు ముల్లు చక్కగా తిరుగుతోంది. ఇంకా బోలెడు టైముందనుకుని బయటికి చూశాను. ముందు ఎడమవైపు పెద్ద నీళ్లు కనపడ్డాయి, మధ్యలోకి చొచ్చుకొచ్చిన నేలతో సహా. పైనుంచి చూస్తే రట్లాండ్ వాటర్‌ని మరో చెరువు అనుకోవడానికి వీల్లేదు. ఆ నీళ్లు అంత దగ్గరగా ఉండకూడదు. నా లెక్క తప్పా, దారి తప్పానా, గాలి మారిందా అని మ్యాపు మీద వేలు పెట్టి వెతుక్కుంటున్నాను. మళ్లీ వాచీ చూశాను. 19.

‘ట్యాంకు ఎప్పుడు మార్చావు?’ అని అడిగారు ఇన్‌స్ట్రక్టర్. ఆయన దగ్గర సొంత టైమర్ ఉంది. అప్పటికి 33 నిమిషాలు అయింది.

వెంటనే మార్చాను. ట్యాంకులో ఇంకా చాలా పెట్రోలు ఉంది, ప్రమాదమేమీ జరగలేదు. ఆ మాట నిజాయితీగా చెబుతున్నాను. కానీ నేను ఆ సీట్లో ఒంటరిగా కూర్చునే రోజు ఎంతో దూరంలో లేదు. లైసెన్స్‌కి ముందు ఒంటరిగా చేయాల్సిన 150 నాటికల్ మైళ్ల ప్రయాణం ఉంది. ఆ రోజు పక్క సీట్లో అడిగేవాళ్లు ఉండరు. పూర్తిగా ఆగిపోయిన వాచీ అయితే మనిషి వెంటనే గుర్తుపడతాడు. సెకన్ల ముల్లు తిరుగుతూ, నిమిషాల ముల్లు మాత్రం ఆగిపోతే, కళ్లు దాన్ని నమ్మేస్తాయి. నా కళ్లు నమ్మాయి. వాచీని నమ్మి, ఎదురుగా కనపడుతున్న చెరువును అనుమానించాను. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

ఆ రాత్రి ఇంట్లో మూడుసార్లు పెట్టి చూశాను. ఒకసారి 19 దగ్గర, రెండుసార్లు 22 దగ్గర ఆగింది. కొన్న కొత్తలో కూడా పరీక్షించాను, కానీ పది పదిహేను నిమిషాలకు మించి నడపలేదు. సర్వీస్ చేసిన వాచీ అన్నాక అరగంట లెక్కపెట్టగలదో లేదో చూసుకోవాల్సిన పని కొన్నవాడిది కాదు.

మా నాన్నగారు భారత వాయుసేనలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా పనిచేశారు, హకీంపేటలోనే ఎక్కువకాలం ఉన్నారు. ఇప్పుడు అల్వాల్‌లో ఉంటున్నారు. వీడియో కాల్‌లో వాచీ చూపిస్తే ముఖం వైపు చూడనే లేదు. ‘తిప్పరా, వెనక చూపించు’ అన్నారు. ఆయన చేతికి హెచ్ఎంటీ పైలట్ ఉండేది. డయల్ మీద పైలట్ అని పేరు ఉన్నా అది బజారులో ఎవరైనా కొనుక్కోగల వాచీయేనని నా చిన్నప్పుడే చెప్పారు. ప్రభుత్వం ఇచ్చిన వస్తువంటే దానికి నంబరు ఉంటుంది, రిజిస్టరులో ఎక్కుతుంది, మళ్లీ అప్పజెప్పాల్సి ఉంటుంది. ఆ నంబరే దాని పుట్టుక. వెనక మూతను దగ్గరగా ఫొటో తీసి పంపమన్నారు. పెద్దది చేసి చూసి ఫోన్ చేశారు. ‘యాభై ఏళ్లు వాడిన మూత మీద గీతలు అక్షరాల మీదుగా పోవాలి. ఇక్కడ అక్షరాలే గీతల మీదుగా పోయాయి చూడు’ అన్నారు.

నిజమే. అంతకుముందు ఎన్నిసార్లు చూసినా నాకు తట్టలేదు. 6 అంకె పొట్ట దగ్గర ఒక పొడవాటి పాత గీత ఉంది. అక్షరం దాన్ని కోసుకుంటూ పోయింది. గీత అటూ ఇటూ ఉంది, అక్షరం లోతులో లేదు. ప్రభుత్వ ఆస్తి అని తెలిపే బాణం గుర్తు అంచులు వేలికి గరుగ్గా తగులుతున్నాయి.

మే 16న మిలిటరీ వాచీలు బాగుచేసే అనుభవజ్ఞుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రాతపూర్వకంగా ఇచ్చిన రిపోర్టు జతచేశాను. మూత మీద పాత చెక్కడాన్ని అరగదీసి కొత్తగా చెక్కారు. భూతద్దంలో పక్క వెలుతురులో చూస్తే అడుగున 0552 అనే అంకెలు లీలగా కనపడుతున్నాయి. 0552 నేవీ కోడు. 6బీబీ ఎయిర్ ఫోర్స్‌ది, డబ్ల్యూ10 ఆర్మీది. నేవీ వాచీ అని చెప్పి అమ్మితే నేను సంతోషంగా కొనేవాడిని, నేవీలోనూ విమానాలు నడిపినవాళ్లున్నారు. ఎవరో ఒక నావికుడి చేతికి ఇచ్చిన వస్తువు మీద ఆ గుర్తును చెరిపేశారు. ఇది నాకు ఇంకా బాధగా ఉంది. ఆ వాచీకి ఉన్న ఒక్క చరిత్రా పోయింది, తిరిగి రాదు.

డయల్ సంగతి. మీరు ‘రాత్రంతా బ్రహ్మాండంగా వెలుగుతుంది’ అని కూడా రాశారు. ట్రిటియం అంటే చీకట్లో అంకెలు వెలిగేలా చేసే రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు, అంటే అన్నేళ్లకోసారి సగానికి తగ్గిపోతుంది. 1974లో పూసింది ఈ రోజుకి పదహారో వంతు కూడా మిగలదు. ఆ వయసు డయల్ దాదాపు చీకటిగా ఉండటమే సహజం. పైగా ట్రిటియానికి దీపం చూపించి వెలుగు నింపాల్సిన అవసరం లేదు, అది తనంతట తానే వెలుగుతుంది. నా దగ్గరున్నది టార్చి వేస్తే పచ్చగా మెరిసి కాసేపటికి ఆరిపోతోంది. అంటే కొత్త రంగు పూశారు. పూయడం నేరం కాదు, చాలామంది పూయించుకుంటారు. డయల్ మీద ట్రిటియానికి గుర్తుగా వలయంలో టీ అక్షరం ఉంది కదా అని ‘అసలు ట్రిటియం డయల్’ అని రాయడమే తప్పు.

పట్టీ కడ్డీలు కూడా చూడండి. ఈ వాచీలకు కడ్డీలు కేసులో భాగంగా బిగించి ఉంటాయి, ఊడవు. పట్టీ ఒకే ముక్కగా కిందనుంచి దూరిపోతుంది. అలా ఉంటే కాక్‌పిట్‌లో వాచీ ఊడి పెడళ్ల కిందికి పోయే భయం తక్కువ. మీరు పంపిన వాచీలో ఒకవైపు కడ్డీ తీసేసి మామూలు స్ప్రింగ్ పిన్ను పెట్టారు.

యంత్రంలో నూనె ఎండి జిగురైంది. నిమిషాల చక్రాన్ని ముందుకు తోసే చిన్న పన్ను వంగిపోయింది. ‘దీన్ని చాలా ఏళ్లుగా ఎవరూ విప్పలేదు’ అని రిపోర్టులో స్పష్టంగా ఉంది. తయారు చేసిన కంపెనీని నేను ఏమీ అనడం లేదు. ఆ వాచీని సరిగ్గా చూసుకుంటే ఇప్పటికీ పనిచేస్తుందని రిపేరు చేసే ఆయనే చెప్పారు.

మే 17న మీకు ఈమెయిల్ పంపాను. మే 21న వచ్చిన జవాబులో రెండే వాక్యాలున్నాయి. 14 రోజుల గడువు దాటిందని, పాత వస్తువులు ఉన్నవి ఉన్నట్టు అమ్ముతామని. మీరు పార్సిల్ పంపిన ఏప్రిల్ 29 నుంచి లెక్కపెట్టారు. దూరం నుంచి కొన్న వస్తువుకు 14 రోజులు సరుకు చేతికందిన మర్నాటి నుంచి మొదలవుతాయి. మే 3న అందింది, 17న రాశాను, గడువులోనే ఉంది. అది పక్కనపెట్టినా, 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వస్తువు వర్ణించినట్టు ఉండాలి. లేకపోతే 30 రోజుల్లోపు తిరస్కరించి పూర్తి డబ్బు అడగవచ్చు. ‘ఉన్నవి ఉన్నట్టు’ అన్న మాట ఆ హక్కును తీసేయలేదు. ఈ లేఖతో ఆ వాచీని తిరస్కరిస్తున్నాను.

నాకు 2,350 పౌండ్లు పూర్తిగా, పరీక్ష చేయించినందుకు అయిన 60 పౌండ్లు, ఇన్సూరెన్స్‌తో వెనక్కి పంపే ఖర్చు రావాలి. మీరు మరమ్మతు చేసిస్తామన్నా, వేరే వాచీ ఇస్తామన్నా ఒప్పుకోను. ఇంకోటి కూడా అడుగుతున్నాను. మీ అమ్మకాల జాబితాలో ఇదే వర్ణనతో 6బీబీ వాచీలు ఇంకా రెండు కనపడుతున్నాయి. వాటి మూతలు భూతద్దం కింద పెట్టి చూసేదాకా వాటిని అమ్మకం నుంచి తీసేయండి. వాటిని కొనేవాళ్లలో నాలాగే ఎగరడానికి కొనేవాళ్లు ఉండొచ్చు.

జూన్ 7లోపు డబ్బు జమ కాకపోతే 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద నా క్రెడిట్ కార్డు బ్యాంకునే ఆ డబ్బు అడుగుతాను, అమ్మకాల్లో మోసాలను చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌ అధికారులకు తెలియజేస్తాను, అవసరమైతే చిన్న మొత్తాల కోర్టుకు వెళ్తాను. ఇన్‌వాయిస్, మీ ప్రకటన ప్రింటు, రిపేరు చేసే ఆయన రిపోర్టు, మూత ఫొటోలు ఆరు, ఆ రోజు లాగ్‌బుక్ పేజీ దీనితో పంపుతున్నాను.

మే 11 తర్వాత వాచీని చేతికి పెట్టుకోలేదు. మీరు పంపిన పెట్టెలోనే ఉంది. స్టాప్‌వాచ్ చిన్న ముల్లు 22 దగ్గర ఆగింది, దాన్ని అలాగే ఉంచాను. మీ మనిషి వచ్చి తీసుకెళ్లవచ్చు, లేదా ఖర్చు పంపితే నేనే పోస్టు చేస్తాను.

ఇట్లు,
మే 3న వాచీ అందుకున్న మీ కస్టమర్,
నార్తాంప్టన్.