విజార్డ్స్ మీద ఆశ వదులుకోవద్దు

అందరికీ నమస్కారం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మన జట్టు వాషింగ్టన్ విజార్డ్స్ 2024-25 సీజన్‌లో 82 ఆటల్లో 18 గెలిచి 64 ఓడిపోయింది. మన అభిమానుల గ్రూప్‌లో చాలామంది నీరుగారిపోయారని తెలుసు. నాకు మాత్రం ఈ కుర్రాళ్ల మీద గట్టి నమ్మకం ఉంది.

అలెక్స్ సార్ అనే కుర్రాణ్నే చూడండి. ఏడడుగుల మనిషి, బాస్కెట్ కింద నిలబడిపోకుండా బయటికొచ్చి దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు వేస్తాడు. ఆ ఏడాది లీగ్‌లోని ఉత్తమ కొత్త ఆటగాళ్ల జాబితా ఆల్ రూకీ ఫస్ట్ టీమ్‌లో చోటు ఊరికే రాలేదు. బబ్ క్యారింగ్టన్ అయితే మొదటి ఏడాదే 82 ఆటలూ ఆడాడు. ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం ఆడే నాకౌట్ దశ) ఆశ ఎప్పుడో పోయాక కూడా, సీజన్ చివరి ఆటలో మయామీ జట్టు మీద ఆఖరి క్షణంలో షాట్ వేసి ఒక్క పాయింట్‌తో గెలిపించాడు. ఆ పట్టుదల నేర్పితే వచ్చేది కాదు. మన ఇంకో కుర్రాడు బిలాల్ కులిబాలీ డిఫెన్స్ సంగతి సరేసరి. 2025 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఆరో పిక్‌గా ట్రే జాన్సన్ కూడా వచ్చాడు, మంచి షూటర్.

బాగా ఓడిన జట్లు పైకి రావడం కొత్తేమీ కాదు. 2021-22లో 24 ఆటలే గెలిచిన ఓక్లహోమా సిటీ జట్టు 2025లో ఛాంపియన్ అయింది. డెట్రాయిట్ జట్టు 2023-24లో 14 గెలుపుల నుంచి ఒక్క ఏడాదిలో 44కి చేరింది. అందుకే ఓడిన రోజు గ్రూప్‌లో స్కోరు ఒక్కటే పెట్టకండి, కుర్రాళ్ల మంచి ఆట క్లిప్పులు కూడా పెట్టండి.