మేం మార్చిన ఎర్త్ వైర్ల గురించి

గత నాలుగు నెలల్లో మా వర్క్‌షాపులో కారుకి బ్యాటరీ ఎర్త్ వైరు గానీ, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు గానీ మార్పించుకున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఎర్త్ వైరంటే కరెంటుని తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేర్చే వైరు. ఆ వైర్లన్నీ పీకేసి మళ్లీ కొత్తవి వేస్తున్నాం. తప్పు మా చేతుల మీదుగా జరిగింది. ఆ మాట మీకు ఇంకెవరి నోటి నుంచో తెలియడం నాకు ఇష్టం లేదు.

బయటపడింది ఇరవై రెండేళ్ల పాత కారులో. ఆ కారు ఎన్నో ఏళ్లుగా మా దగ్గరికే వస్తోంది. మొదటిసారి వచ్చిన కంప్లయింట్ మామూలుదే: సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది, బండి నడుస్తున్నా హెడ్‌లైట్లు మందంగా వెలుగుతున్నాయి. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే జడలాంటి ఎర్త్ పట్టీ పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు తెగిపోయి ఉంది. దాన్ని తీసేసి, 25 స్క్వేర్ ఎం.ఎం. కేబుల్‌తో కొత్తది తయారుచేసి వేశాం. బండి చక్కగా స్టార్టయింది. పంపించేశాం.

ఏడు వారాలకి అదే కంప్లయింట్‌తో తిరిగొచ్చింది. బండి ఓనరు గారు మొదట అన్న మాట ఇది: "మీరు మార్చిన దగ్గరే ఒకసారి చూడండి." నేను చెప్పిన జవాబు: "అది కొత్తదండీ, అక్కడేమీ ఉండదు." ఆ జవాబు ఖరీదు రెండు రోజులు. బ్యాటరీ చూశాం, నిలకడ మీద 12.6 వోల్టులు, లోడ్ టెస్టులో కూడా గట్టిగానే నిలబడింది. సెల్ఫ్ మోటారు దింపి బ్రష్షులు చూశాం. ఇగ్నిషన్ స్విచ్ చూశాం. ప్లస్ వైపు కేబుల్లో పోతున్నది 0.2 వోల్టులే. చివరికి ఇరవై రెండేళ్ల నాటి హార్నెస్ (బండి వైర్లన్నీ కలిపిన కట్ట) మీద అనుమానంతో కంపెనీ చుట్టిన టేపు విప్పడం మొదలుపెట్టాం. పాత బండి కదా, పాత వైరింగే తప్పు చేసి ఉంటుందని తీర్మానించేసుకున్నాను.

మా వైరుని అసలు చూడలేదని కాదు, మల్టీమీటర్ ఓమ్స్‌లో, అంటే రెసిస్టెన్సు కొలిచే చోట, పెట్టి చూశాం. దాదాపు సున్నా చూపించింది. కానీ ఓమ్స్‌లో మీటరు పంపే కరెంటు చాలా కొంచెం. నాలుగు పోగులు ఆనుకుని ఉన్నా చాలు, దానికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. సెల్ఫ్ లాగే 150 ఆంపియర్లు ఆ నాలుగు పోగుల్లోంచి పోలేవు. అందుకే లోడు మీద, అంటే సెల్ఫ్ కరెంటు లాగుతున్నప్పుడు, వోల్టేజ్ డ్రాప్ (దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో) చూడాలి. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి మొదటి నెలలోనే నేర్పించే పాఠం ఇది. ఆ పాఠం నేనే నా వైరు మీద పెట్టి చూడలేదు, అది నా వైరు కాబట్టి.

మూడో రోజు పొద్దున పెట్టి చూశాను. మీటరు ప్రోబు (కొలిచే మొన) ఒకటి బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి ఇంజన్ బ్లాకు మీద. కీ తిప్పమన్నాను. 1.3 వోల్టులు. అక్కడ అర వోల్టు దాటిందంటేనే తప్పున్నట్టు. 150 ఆంపియర్ల దగ్గర 1.3 వోల్టులంటే 195 వాట్లు, అంతా వేడిగా పోతోంది. దాన్ని మించి నన్ను భయపెట్టింది ఇంకోటుంది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి పడింది. కాలింది. ఇంజన్‌కి సరైన ఎర్త్ దొరక్కపోతే సెల్ఫ్ కరెంటు ఆగదు, దొరికిన దారిన పోతుంది. పాత బండ్లలో ఆ దారి చాలాసార్లు యాక్సిలరేటర్ కేబులే.

మా వైరు విప్పి బల్ల మీద పెట్టాను. వైరు కొసకి నొక్కి బిగించే రాగి లగ్ మీదున్న హీట్ ష్రింక్ ప్లాస్టిక్ స్లీవు బ్లేడుతో చీరితే తెల్లటి పొడి రాలింది. రాగికి పట్టేది పచ్చ చిలుము, తెల్ల పొడి కాదు. ఒక పోగు లాగి బ్లేడుతో గీకాను. పైన ఉల్లిపొరంత ఎర్రటి పూత, లోపలంతా తెలుపు. లైటరు మంట చూపిస్తే రాగి పోగు ఎర్రబడి నిలబడుతుంది. ఇది వంగి తెగి పడిపోయింది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, అల్యూమినియానికి 660 చాలు. అది రాగి పూత వేసిన అల్యూమినియం.

మందం ఒకటే అయినా అల్యూమినియం రెసిస్టెన్సు రాగికి ఒకటిన్నర రెట్లు పైనే. అసలు ముప్పు మాత్రం లగ్ దగ్గర. క్రింప్ నొక్కుడికి అల్యూమినియం రోజురోజుకీ కొంచెం కొంచెంగా జారి పలచబడుతుంది, పట్టు వదులవుతుంది. దాని మీద ఏర్పడే ఆక్సైడు పొర కరెంటుని పోనివ్వదు. రాగి లగ్గుకి ఆనుకుని తడి తగిలితే అల్యూమినియమే తినుకుపోతుంది. బానెట్ కింద వేడి, తడి, అదురు మూడూ ఉంటాయి. ఏడు వారాలు పట్టిందంటేనే ఎక్కువ.

సప్లయర్ పేరు రాయను. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే తీసుకుంటున్నాం. బిల్లు మీద కాపర్ కేబుల్ అనే ఉంది. ఫోన్ చేస్తే ముందు "మీవాళ్లు క్రింపు సరిగ్గా కొట్టి ఉండరు" అన్నాడు. ముక్క గీకి ఫోటో పంపితే "ఇప్పుడు అందరూ ఇదే వాడుతున్నారు, ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు" అన్నాడు. ఆ రెండో మాట నాకింకా మింగుడుపడటం లేదు. తెలియక పంపానని ఉంటే ఇంకో రోల్ ఇమ్మని అడిగేవాణ్ణి. తెలిసే పంపాడు. పదకొండేళ్లలో ఒక్క బిల్లు కూడా ఆలస్యం చెయ్యలేదు నేను. మిగిలిన రోల్ వెనక్కి తీసుకుంటానన్నాడు, ఇవ్వలేదు. ఇస్తే అది ఇంకో వర్క్‌షాపుకి పోతుంది. ముక్కలు ముక్కలుగా కోసి తుక్కులో వేయించాను. మళ్లీ ఆయన దగ్గర ఒక మీటరు వైరు కూడా కొనను, వచ్చి క్షమాపణ చెప్పినా సరే. నేనూ తప్పించుకోలేను. ఆ రోల్‌ని అరలో పెట్టింది నా చేతులే. రాగి రోల్‌లో సగం బరువు కూడా ఉండదు అది. నాకు తెలియాలి.

ఇక మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసిన విషయం. రిజిస్టరు ప్రకారం ఆ రోల్ తొమ్మిది బండ్లకి వేశాం. ఇంకో అయిదు బండ్లకి ఏ కేబుల్ వేశామో రాసుకోలేదు. మా పెద్ద మెకానిక్ అన్న, "కంప్లయింట్ వచ్చినవాళ్లకి మార్చేద్దాం, మిగతావాళ్లని కంగారుపెట్టడం దేనికి" అన్నాడు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. పద్నాలుగు బండ్లు వెనక్కి పిలిస్తే ఊరికే పిలుస్తారా అని జనం అనుకుంటారు, పేరు పోతుందన్నది ఆయన బాధ. రెండు రాత్రులు నేనూ అటే మొగ్గాను, దాచను. ఆ కేబుల్ వేడి చేతికి గుర్తొచ్చిన ప్రతిసారీ ఆ ఆలోచన నిలబడలేదు. సెల్ఫ్ బరువైతే బండి ఆగుతుంది, అంతే. యాక్సిలరేటర్ కేబుల్ లోపల ప్లాస్టిక్ కరిగి పట్టేసిందంటే బండి ఆగదు. అందుకే పద్నాలుగు బండ్లనీ పిలుస్తున్నాం. రాసుకోనివి కూడా వేసినవాటి కిందే లెక్క.

వైరుకి, పనికి పైసా తీసుకోం. దీనివల్ల సెల్ఫ్ సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) కాంటాక్టులు కాలినా, యాక్సిలరేటర్ కేబుల్ దెబ్బతిన్నా అదీ మాదే. ఫోన్లు మేమే చేస్తున్నాం, అందనివాళ్లు మీరే వచ్చెయ్యండి. లైట్లకి, హారన్‌కి వాడే సన్న వైర్లు వేరే చోటివి, ప్రతి రోల్ గీకి చూశాం, అవి రాగే.

మీరొచ్చేలోగా సెల్ఫ్ బరువుగా అనిపిస్తే మళ్లీమళ్లీ కొట్టకండి. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టుకే ఆనించాలి, దాన్ని పట్టుకున్న వైరు క్లాంపుకి కాదు. ఇంకోటి ఇంజన్ మీద రంగు లేని లోహానికి. ప్రోబులూ చేతులూ బెల్టుకి దూరంగా పెట్టుకుని ఒకరిని కీ తిప్పమనండి. అర వోల్టు దాటితే బండి కదిలించకండి, మేమే వస్తాం.

మొదటి బండికి కొత్త వైరు వేశాక అదే చోట 0.15 వోల్టులు చూపించింది. ఆ బండి ఓనరు గారి దగ్గర నా తప్పు ఒప్పుకున్నాను.

తీసిన పాత వైరు మీ చేతికే ఇస్తాం, బ్లేడుతో గీకి మీరే చూసుకోండి. కొత్తదాని కొస కూడా లగ్ వేసేముందు మీ ఎదుటే గీకుతాం.