ఉస్మానియా పుస్తకాలు: స్కానింగ్ అయింది, పని మిగిలింది

సంపాదకులకు,

ఉస్మానియా విశ్వవిద్యాలయం గురించి పత్రికల్లో ఎప్పుడు రాసినా 1918, ఏడో నిజాం, ఆర్ట్స్ కాలేజీ ఫొటోతో సరిపెడుతున్నారు. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రాతి భవనానికి వంక పెట్టేవాళ్లం కాము. అయితే ఆ విశ్వవిద్యాలయం ఉన్న తార్నాక ముఖం ఎన్నడూ చూడని తెలుగువాళ్లకు కూడా తెలిసిన ఉస్మానియా ఇంకొకటి ఉంది, అది గ్రంథాలయం. ఇంటర్నెట్‌లో పాత తెలుగు పుస్తకాలు దించుకునేవాళ్లకు 'ఓయూ' నంబరున్న తొలి పేజీ, గడువు తేదీల చీటీ బాగా పరిచయం.

ఇది ఉర్దూ మాధ్యమంతో పుట్టిన విశ్వవిద్యాలయం. పాఠ్యపుస్తకాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా పేరుతో అనువాద విభాగం పెట్టారు. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావు వంటివారు పనిచేశారు. అందుకే ఇక్కడి అల్మారాల్లో రెండు భాషల పాత పుస్తకాలూ చేరాయి. 2000 తర్వాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టే మిలియన్ బుక్స్ పథకం కింద వీటిలో చాలావాటిని స్కాన్ చేశారు. అది జరగకపోతే ఎన్నో పుస్తకాలు మనదాకా వచ్చేవే కావు.

చిక్కల్లా స్కాన్ చేసిన పద్ధతిలోనే ఉంది. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) తీసుకున్నారు గానీ, ఫైలు చిన్నదిగా ఉండాలని నలుపు, తెలుపు రెండే ఉంచారు. మధ్యలో బూడిద ఛాయలు లేవు. కాగితం గోధుమరంగుకు తిరిగిన చోట పేజీ నల్లమచ్చలైంది, సిరా పలచబడిన చోట అక్షరం ఎగిరిపోయింది. ముందుగా పోయేది అరసున్న, తర్వాత తలకట్టు. ఒత్తులు ముద్దకట్టాయి. ఛందోబద్ధమైన పద్యంలో అరసున్న పోతే పాఠకుడు సర్దుకుంటాడేమో, నిఘంటువులో పోతే మాటే మారిపోతుంది. కొన్నిటికి 'బ్రౌన్ బుక్', 'పేజెస్ మిస్సింగ్' అని ముందే చీటీ పెట్టారు. నిజాయితీగల చీటీలే, కాకపోతే ఏ పేజీలు పోయాయో వాటిలో ఉండదు.

పేర్లతో వచ్చిన నష్టం ఇంకా పెద్దది. శీర్షికలను రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. 'ఆంధ్ర' ఒకచోట ఒక 'ఎ'తో, ఇంకోచోట రెండు 'ఎ'లతో ఉంటుంది. వెతికితే దొరకని పుస్తకం ఉన్నా లేనట్టే. సంవత్సరాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. నిజాం రాజ్యపు ప్రచురణల మీద ఫసలీ (అక్కడ వాడిన సంవత్సరాల లెక్క) ఉంటుంది. 1348 ఫసలీ అంటే 1938 అక్టోబరు నుంచి 1939 అక్టోబరు వరకు. నెల తెలిస్తే, అక్టోబరు-డిసెంబరుకు 590, మిగతా నెలలకు 591 కలపాలి. శాలివాహన శకమైతే 78 కలపాలి, ఉగాదికి ముందున్న జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలకు 79. ప్రభవ, విభవ అని సంవత్సరం పేరొక్కటే ఉంటే అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి, ముద్రణాలయాన్నీ పీఠికనూ చూసి తేల్చుకోవాలి.

మళ్లీ మొత్తం స్కాన్ చేయనక్కర్లేదు. స్కాన్ మీది ఓయూ నంబరును గ్రంథాలయ రిజిస్టరు నంబరుతో జతపరచాలి. శీర్షిక పేజీలో ఉన్నది ఉన్నట్టు తెలుగు లిపిలో ఎక్కించాలి. ఒకరు అసలు ప్రతి పేజీలు లెక్కపెడుతుంటే మరొకరు ఫైలు చూడాలి. ఒక్కరే రెండూ చేస్తే కళ్లు అలవాటుపడి తప్పు జారిపోతుంది. లేని పేజీలు, చదవరాని పేజీలు మాత్రమే 400 డీపీఐలో రంగులతో తీయాలి. అందుకు 'వి' ఆకారపు ఊయల మీద పుస్తకాన్ని సగమే తెరవాలి. బల్లపరుపుగా అదిమితే పెళుసు కాగితం కుట్టు దగ్గరే విరుగుతుంది. ఇలా పూరించిన ఫైళ్లు ఇంటర్నెట్‌లోని ఉచిత గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌కు చేరితే అక్కడి వాళ్లు అక్షరం అక్షరం సరిచూసి వెతకగల పాఠంగా మారుస్తారు. పేజీ లేని పుస్తకం అక్కడా మధ్యలోనే ఆగిపోతుంది.

కాపీరైటు అడ్డని అన్నిటినీ ఆపడం తగదు. రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు లెక్క, అంటే 1960లో మరణించినవారి రచనలు 2021 జనవరి 1 నుంచే అందరివీ అయ్యాయి. అలాంటి తెలుగు పుస్తకాల జాబితాను విశ్వవిద్యాలయం ముందుగా విడుదల చేయాలని, ఎం.ఏ. తెలుగు, గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులకు పేజీల సరిచూపును ప్రాజెక్టు పనిగా ఇవ్వాలని కోరుతున్నాం.

– కొందరు పాత పుస్తకాల పాఠకులు, హబ్సిగూడ, హైదరాబాద్