టోక్యోలోని తైతో వార్డు మేయర్ గారికి: తారో ఇనారి లాంటి చిన్న గుళ్ల సంగతి

గౌరవనీయులైన మేయర్ గారికి,

మీ వార్డులోని ఇరియాలో ఇళ్ల మధ్య ఒదిగి ఉన్న గుడి తారో ఇనారి. అక్కడి ఇనారి, అంటే నక్కలు దూతలుగా ఉండే పంటల దేవుడు, ఒకప్పుడు సమురాయ్ ప్రభువుల ఇంటివేల్పు. క్యుషూలోని యనగావా సంస్థానాన్ని ఏలిన తచిబానా వంశం ఎదోలోని (నేటి టోక్యోలోని) తమ లోగిలిలో ఈ ఇనారిని నిలుపుకుంది. 1803లో మహిమగల దేవుడని పేరు పాకి, ఊరి జనం ఆ గేటు ముందు బారులు తీరారు. సంస్థానాధీశులు ఏడాది విడిచి ఏడాది ఎదోలో ఉండి తీరాలని 1635లో నియమం పెట్టాక ఇలాంటి లోగిళ్లు నగరమంతా పెరిగాయి. 1868లో సమురాయ్ పాలన ముగిశాక అవి ముక్కలైపోయాయి. చాలాచోట్ల మూలనున్న గుడి ఒక్కటే మిగిలింది.

వార్డులోని ఇలాంటి ప్రతి గుడినీ నమోదు చేయించమని కోరుతున్నాం. మత సంస్థల జాబితా పట్టుకుని వెళితే చాలా గుళ్లు జారిపోతాయి. కొన్ని మేడల పైకప్పుల మీద ఉన్నాయి, కొన్ని ప్రైవేటు పెరళ్లలో ఉన్నాయి. అన్నీ జపాన్ సొంత మతమైన షింతో గుళ్లూ కావు. ఎదో నగర న్యాయాధికారి ఓఒకా తదసుకె కొలిచిన అకసకా తొయొకవా ఇనారి సోతో జెన్ బౌద్ధాలయం. అక్కడ కొలువైన దేవత దకినితెన్ పేరు మనకు తెలిసిన డాకినియే.

మత సంస్థలకు ప్రజాధనం ఇవ్వకూడదనే జపాన్ రాజ్యాంగం 89వ అధికరణం ఉంది కాబట్టి పూజలకు ప్రజాధనం అడగడం లేదు. కొలతలు, ఫొటోలు, నిర్వాహకులకు ఒక సూచనల కాగితం చాలు.

ఆ కాగితంలో ముందు రాయాల్సింది కొయ్య తోరి (గుడి ముందుండే ద్వారం) స్తంభాల అడుగు గురించి. పుచ్చు పైన మొదలవదు, నేల లోతునా మొదలవదు. తడి, గాలి రెండూ తగిలే నేలమట్టం దగ్గర, బెత్తెడు మేరలో పట్టుకుంటుంది. అడుగున వేసే నల్లరంగు దాన్ని దాచేస్తుంది. కొయ్య సుత్తితో తట్టాలి: ఖంగుమంటే గట్టి, డొల్లగా మోగితే గుల్ల. అనుమానముంటే స్క్రూడ్రైవర్ మొన నొక్కి చూడాలి, మెత్తగా దిగితే స్తంభం పోయినట్టే. కుదురుగా ఉంటుందని చుట్టూ సిమెంటు పోస్తారు. మేము చూసిన తప్పుల్లో ఇదే పెద్దది. కొయ్య ఎండి కుంచించుకోగానే సందు పడి, వాన నీరు అందులో నిలిచిపోతుంది. దిమ్మె నేలకంటే ఎత్తుగా, బయటివైపు వాలుగా ఉండాలి. కొయ్యలో తేమ 20 శాతానికి దిగకముందే రంగు వేస్తే పొక్కులు లేస్తుంది. పాత సింధూర రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకనివ్వకండి. తడిపి, మాస్కు పెట్టుకుని, కింద పట్టా పరిచి తీయాలి.

రాతి నక్కలను ప్రెషర్ వాషర్‌తో కడగొద్దు. పీఠం మీది దాతల పేర్లు, సంవత్సరాలు లోతులేని చెక్కడాలు, ఒక్క దెబ్బకే అంచులు రాలిపోతాయి. నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. మెడలోని ఎర్రగుడ్డ తడిసి అతుక్కుంటే దాని కింద నాచు పడుతుంది, ఆరినది మార్చాలి. పగటి ఎండలో చదవలేని అక్షరాలు రాత్రి టార్చిని రాతికి ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి పట్టుకుంటే నీడలతో సహా తేలుతాయి. అప్పుడు ఫొటో తీయించండి.

సర్వేను ఫిబ్రవరిలో వచ్చే తొలి గుర్రపు రోజు (పన్నెండు జంతువుల పేర్లతో రోజులు లెక్కించే పాత పద్ధతిలో), ఇనారి పండుగైన హత్సుఉమా నాడు మొదలుపెట్టించండి. తాళాలు తీసి ఉంటాయి, తాళం చెవి ఎవరిదగ్గరుందో తెలిసినవాళ్లూ అక్కడే ఉంటారు.

ఇట్లు,
ఇనారి గుళ్ల నిర్మాణాన్ని పరిశీలిస్తున్న తెలుగువాళ్లం