డబ్బు తీసుకున్నాక అంగీకారం కాలేదంటే ఎలా? కేంద్ర మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

పండుగ సేల్‌లో చవగ్గా కనిపించిన టీవీకి డబ్బు కడతాం. ఆర్డర్ కన్ఫర్మ్ అయిందని మెసేజ్ వస్తుంది. రెండు రోజులకు రద్దయిందని ఇంకో మెసేజ్. నిలదీస్తే సైట్ షరతుల్లోని వాక్యం చూపిస్తారు: మీ ఆర్డర్ ప్రతిపాదన మాత్రమే, సరుకు పంపినప్పుడే మా అంగీకారం. చట్టం దృష్టిలో ఒకరి ప్రతిపాదనను మరొకరు అంగీకరించాకే ఒప్పందం కుదురుతుంది, అందుకే ఈ వాక్యం.

ప్రకటన ప్రతిపాదన కాదు, ప్రతిపాదించమని పిలుపు. ఇంగ్లండ్‌లో 1968 నాటి పార్ట్రిడ్జ్ కేసు చెప్పిందిదే. ఆ సూత్రంతో మాకు పేచీ లేదు. అది లేకపోతే పది టీవీలున్న దుకాణం ప్రకటన చూసి వచ్చిన వెయ్యి మందికీ జవాబుదారీ అవుతుంది. 1893 నాటి కార్లిల్ కేసు వేరు, అక్కడ ప్రకటనే ప్రతిపాదన అయింది. తమ మందు వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లిస్తామని, అందుకు బ్యాంకులో 1,000 పౌండ్లు వేశామని ప్రకటించిన కంపెనీ ఆ మాటకు కట్టుబడాల్సి వచ్చింది.

మా అభ్యంతరమంతా డబ్బు చేతులు మారిన తర్వాతి దశ గురించే. 1872 కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ప్రతిపాదనతోపాటు ఇవ్వజూపిన ప్రతిఫలాన్ని (ఇక్కడ టీవీ ధరను) పుచ్చుకోవడం కూడా అంగీకారమే. పూర్తి ధర జమ చేసుకుని, ఇంకా అంగీకరించలేదనడం ఆ సెక్షన్ స్ఫూర్తికే విరుద్ధం. కానీ సైట్ షరతులకు మనం ముందే టిక్ పెట్టి ఉంటాం, వాదన అక్కడే చిక్కుకుంటుంది.

2020 ఈ-కామర్స్ నిబంధనలు కొంతవరకే ఆదుకుంటాయి. కొన్నవాళ్లు రద్దు చేస్తే చార్జీ వేసే సంస్థ, తాను ఏకపక్షంగా రద్దు చేసినప్పుడూ అలాంటి చార్జీ భరించాలి. అసలు చార్జీయే వేయని సంస్థకు రద్దు ఉచితం! తక్కువ ధర చూపి ఎరవేసే ప్రకటనలపై 2022 మార్గదర్శకాలున్నాయి, తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే జరిమానా పడినంత మాత్రాన ఆ ధరకు టీవీ ఇంటికి రాదు.

కాబట్టి నిబంధనల్లో ఈ మార్పు చేయండి. డబ్బు జమ చేసుకుని కన్ఫర్మేషన్ పంపితే, షరతుల్లో ఏం రాసుకున్నా అది అంగీకారమే కావాలి. స్టాక్ చూసుకోవడానికి వ్యవధి కావాలనే అమ్మకందారు సొమ్ము తీసుకోకుండా ఖాతాలో బ్లాక్ మాత్రమే చేయాలి. యూపీఐలోనూ కార్డుల్లోనూ ఆ సదుపాయం ఇప్పటికే ఉంది. ధరలో సున్నా ఎగిరిపోయిందని చూడగానే ఎవరికైనా తెలిసే పొరపాటుకు మినహాయింపు ఇవ్వండి. దాన్ని రుజువు చేసే భారం అమ్మకందారుదే కావాలి, 24 గంటల్లోగా కారణం రాసి పంపాలి.

ఇట్లు,
వినియోగదారుల కేసులు వాదించే కొందరు న్యాయవాదులు