నర్సింగ్ విద్యార్థుల చేతిపని చూసి మార్కులు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ చదివే పిల్లలు అసలు పని నేర్చుకునేది వార్డు పోస్టింగుల్లోనే. మార్కులు మాత్రం చాలాచోట్ల పోస్టింగు ఆఖరి రోజున, బల్ల మీద పేర్చిన రికార్డు బుక్కులు చూసి వేస్తున్నారు. రాత బాగుండి, బొమ్మలు చక్కగా ఉంటే చాలు. ఆ అమ్మాయి సూది ఎట్లా పట్టిందో రోజూ చూసిన స్టాఫ్ నర్సును ఎవరూ అడగరు. ఇది రోగి ప్రాణంతో ముడిపడిన విషయం కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం.

పక్కన నిలబడి చూస్తేనే తెలిసే తప్పులు కొన్ని ఉంటాయి. వరుసగా పది పడకల చార్టుల్లో శ్వాస 20 అనే ఉందంటే ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం. శ్వాసను నిండు నిమిషం లెక్కపెట్టాలి. అదీ నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, రోగికి తెలియకుండా. తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది. బీపీ అయితే, చేతికి చుట్టే పట్టీ (కఫ్) చిన్నదైతే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. గాలి గబగబా వదిలితే పై అంకె తగ్గి, కింది అంకె పెరుగుతుంది. సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున దించాలి. రెండు జతల చెవిగొట్టాలున్న టీచింగ్ స్టెతస్కోపుతో ట్యూటర్ కూడా విని, ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకుంటే విద్యార్థి నిజంగా విన్నదో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది.

చెక్‌లిస్టు ఉండాల్సిందే, కానీ ఎదుటి మనిషిని చూడకుండా టిక్కులు పెట్టొద్దు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఫ్లోరోసిస్‌తో మోచేతులు బిగుసుకుపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చెక్‌లిస్టులో ‘చెయ్యి చాపించాలి’ అని ఉందని బలవంతంగా లాగిన విద్యార్థికి టిక్కు పడుతుంది. చెయ్యి వచ్చినంతవరకే చాపించి, కింద దిండు పెట్టి, కఫ్‌ను గుండె ఎత్తులో ఉంచిన విద్యార్థికి ఇంటూ పడుతుంది. మాకైతే రెండో విద్యార్థికే మార్కులు ఎక్కువ రావాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మార్కులను కలిపి కూడటం. ట్రే సర్దడానికి ఒకటి, గ్లౌజులకు ఒకటి అని కూడుకుంటూ పోతే 20కి 18 వస్తాయి. పోయిన ఆ రెండు మార్కులు దేనికి పోయాయన్నదే అసలు ప్రశ్న. “నీ పేరు లక్ష్మమ్మేనా?” అని అడిగితే జ్వరంలో ఉన్న పెద్దమ్మ దేనికైనా “ఊ” అంటది. “నీ పేరేందమ్మా?” అని ఆమెతోనే చెప్పించి, కేస్‌షీటు మీది ఐపీ నంబరుతో (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే నంబరు) సరిచూశాకే మందు ఇవ్వాలి. కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి రక్తనాళంలో పెట్టే సన్నని ప్లాస్టిక్ గొట్టం) పెట్టేటప్పుడు బయటికి తీసిన సూదిని మళ్లీ అదే కాన్యులాలోకి దూర్చితే ప్లాస్టిక్ గొట్టం తెగి, ముక్క రక్తనాళంలోకి పోవచ్చు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోతే తన వేలికే గుచ్చుకుంటుంది. సెలైన్ సెట్టు కవరు చూడకుండా చుక్కలు లెక్కగట్టడమూ ఇట్లాంటిదే. 500 మి.లీ. నాలుగు గంటల్లో పోవాలంటే మి.లీ.కి 20 చుక్కల సెట్టుకు నిమిషానికి 42, 60 చుక్కల సెట్టుకు 125. ఇలాంటి వాటిలో ఒక్కటి తప్పినా, మిగతావన్నీ సరిగ్గా చేసినా, ఆ రోజుకు ఫెయిల్ అనే చెప్పాలి. మళ్లీ నేర్పి, మళ్లీ చేయించాలి. దూరం నుంచి బస్సెక్కి వచ్చే పిల్ల కదా అని జాలిపడి పాస్ చేస్తే ఆ భారం రేపు రోగి మీద పడుతుంది.

2021లో వచ్చిన బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో ఓఎస్సీఈ పరీక్ష (ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేయించి, చెక్‌లిస్టుతో మార్కులు వేసే పరీక్ష) పెట్టడం మంచిదే. కానీ పరీక్షలో బాగా చేసినవాళ్లు కిక్కిరిసిన వార్డులోనూ అట్లాగే చేస్తారన్న భరోసా లేదు.

కాలేజీలను, ఆసుపత్రి అధికారులను మేం కోరేది ఇదే. పోస్టింగు సగంలోనే ఒకసారి, చివర ఒకసారి, ప్రతి విద్యార్థి చేసే పనిని ట్యూటర్ మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూడాలి. మధ్యలో చెయ్యి పెట్టకూడదు, రోగికి హాని జరిగేలా ఉంటే తప్ప. అదే రోజు, రోగి వినని చోట ఐదు నిమిషాలు మాట్లాడాలి. ‘ఇంకా బాగా చేయాలి’ అంటే పిల్లలకు ఏమీ అర్థం కాదు, ‘టోర్నికే (చేతికి బిగించి కట్టే పట్టీ) విప్పకుండానే సూది తీశావు’ అంటే అర్థమవుతుంది. మార్కుల షీటు మీద స్టాఫ్ నర్సు అభిప్రాయానికీ, సంతకానికీ చోటుండాలి. మూల్యాంకనం చేసే ఆ గంటసేపు ఆమెకు వేరే పడకల డ్యూటీ వేయకూడదు.

– నర్సింగ్ బోధకులు, నల్లగొండ